వంతెన దాటాక ఎడమ పక్క

తోర్నియో, 27 ఆగస్టు 1967

సైమి అక్కకు,

నీ తమ్ముడు విల్పు క్షేమం. చెడ్డ సరుకు తొందరగా పాడవదు కదా. వచ్చే ఆదివారం, మూడో తారీకున, నాకు యాభై నిండుతున్నాయి. మన ఫిన్లాండులో యాభై అంటే తెలుసుగా, పిలిచినా పిలవకపోయినా ఊరంతా వచ్చి కాఫీ తాగి, కేకు తిని, వీడింకా ఉన్నాడా అని చూసి పోతారు. అదే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి మీ స్వీడన్ దేశమంతా రోడ్డుకి ఎడమ పక్క మానేసి కుడి పక్కకి మారుతోంది. నా పుట్టినరోజుకి ఎనభై లక్షల మంది తప్పుకుని దారి ఇస్తున్నారన్నమాట. రష్యా జారు చక్రవర్తికి కూడా జరగలేదు ఇంత మర్యాద.

నాలుగో తరగతితో బడికి దండం పెట్టిన నాకు పనిచేసే ప్రెస్సులో పోగుపడే చిత్తు కాగితాలే చదువు. వాటిలో మీ వాళ్ళ గురించి ఎన్ని వింతలో! పన్నెండేళ్ళ కింద ఓటు పెడితే నూటికి ఎనభైముగ్గురు "మార్చొద్దు మొర్రో" అన్నారట. మార్చారు. ఎడమ పక్క నడుపుతూ స్టీరింగు కూడా ఎడమవైపే పెట్టుకున్న మనుషులు లోకంలో ఇంకెవరున్నారు? ఇటు మేం, అటు నార్వే, కింద డెన్మార్కు, అందరం కుడి పక్క. మధ్యలో మీరొక్కళ్ళే పెళ్ళిలో అలిగిన మేనమామలా. ఐస్‌లాండు వాళ్ళు కూడా వచ్చే మేలో మారతారట. అక్కడ మనుషులకంటే గొర్రెలు ఎక్కువ. గొర్రెలకి ఎవరు నేర్పుతారో!

బావ ఎలా ఉన్నాడు? కుడి పక్కకి గుర్తుగా హెచ్ అక్షరం కుట్టిన పసుపు చొక్కా తొడుక్కుని ముసలమ్మల్ని రోడ్డు దాటిస్తున్నాడట కదా! చొక్కాతోనే రమ్మను, మా వాళ్ళు చూస్తారు. పోయినేడు ఆయన బూటులో సాల్మన్ చేప తోక పెట్టినందుకు ఇంకా కోపంగా ఉంటే, కోపంతో సహా రమ్మను. పదింటికి కాఫీ. మా పదింటికి. మీ గడియారం మాకంటే ఎప్పుడూ గంట వెనకే కదా, మీ తలకాయల్లాగే.

ముసలివాడవుతున్న
విల్పు


హాపరాండా, 30 ఆగస్టు 1967

తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. రెండు కిలోమీటర్ల దూరానికి మూడు రోజులు పట్టింది. వంతెన మీద కుంటుకుంటూ వచ్చినట్టుంది.

మీ బావ అల్గొత్ మీద వెటకారాలు తగ్గించు. బస్సు కంపెనీ డ్రైవర్లందరిలో కుడి పక్క నడపడం నేర్పడానికి ఎంచిన ముగ్గురిలో ఆయనొకడు. ఏడాది నుంచి ఇంట్లో ఇదే పని. అన్నం బల్ల మీద అగ్గిపెట్టెలు పేర్చి బస్సులంటాడు, ఉప్పు డబ్బా కూడలి అంటాడు. ఆ చొక్కా రాత్రి కుర్చీకి తగిలించి, పొద్దున్నే ఇస్త్రీ చేయమంటాడు. పన్నెండేళ్ళ కింద స్మోలాండు నుంచి ఇక్కడికొచ్చినప్పుడు ఈయన్ని "దక్షిణం వాడు" అని నవ్విన వాళ్ళే ఇప్పుడు వీధిలో ఆపి "అల్గొత్, ఏ పక్క చూసి దాటాలి?" అని అడుగుతున్నారు. నేనీ మనిషిని ఇంత సంతోషంగా ఎప్పుడూ చూడలేదు.

ఒక్క సంగతి అడగాలి. సోమవారం ఆయనకి మీ రోడ్ల కార్యాలయం నుంచి ఓ అచ్చు కాగితం వచ్చింది. కింద ముద్ర, రెండు సంతకాలు. మీ దేశం కూడా అదే ఆదివారం మారుతోందట, అయితే కుడి నుంచి ఎడమకట. వంతెన దగ్గర పక్క మారడం జనానికి ఏళ్ళ తరబడి అలవాటైంది కాబట్టి ఆ అలవాటు చెడకుండా ఉండేందుకని రాశారు. స్వీడిష్‌లోనే ఉంది కానీ నిండా తప్పులు. అల్గొత్ పెన్సిలు తీసుకుని దిద్దాడు. "పాపం, వాళ్ళ శాయశక్తులా రాశారు," అన్నాడు.

నాకు నమ్మకం లేదు. మన రేడియోలో ఒక్క ముక్క వినలేదు. అదే అంటే, "రేడియోకి ముద్ర ఉంటుందా సైమి?" అంటాడు. ఈయనకి కాగితం మీద ముద్ర పడితే దేవుడు దిగొచ్చినట్టే, నీకు తెలుసు. ప్రెస్సుకి ఫోను చేస్తానంటే వద్దన్నాడు. "మీ తమ్ముడు నోటితో చెప్పేది నమ్మను. కాగితం మీద రాసిమ్మను," అన్నాడు. అందుకని వెంటనే రాయి. నిజమా, కాదా?

ఆదివారం నాకు చర్చిలో పని ఉంది. ఆయన ముందు కారులో కేకు తెస్తాడు, నేను వెనక నడిచి వస్తాను. హిల్లా పళ్ళ జామ్ వేసి చేస్తున్నాను, నీకిష్టమని.

సైమి


తోర్నియో, 1 సెప్టెంబరు 1967

అక్కా,

నిజమే. ముమ్మాటికీ నిజం. నిన్నటి నుంచి మా పోలీసు, హెర్మన్ని అనేవాడు, ఎడమ పక్క నడవడం సాధన చేస్తూ రెండుసార్లు కంచె మీద పడ్డాడు. మా ప్రెస్సులో ఆ నోటీసులు మూడు వేలు అచ్చు వేశాం, నా చేతులకి సిరా ఇంకా వదల్లేదు. ఇందులో ఆశ్చర్యమేముంది? మీరు కుడి అంటే మేం ఎడమ అనకపోతే వంతెన దగ్గర కస్టమ్స్ వాళ్ళు ఏం చూసి బతుకుతారు? రష్యా జార్ సరిహద్దు గీత గీసినప్పుడు నదికి మీ వైపున్న తోర్నియోని కూడా లాక్కుంటే, ఊరు పోయిందని ఏడ్చి మీ వాళ్ళు పక్కనే హాపరాండా కట్టుకున్నారు. అప్పటి నుంచి మనం ఎదురెదురే కదా.

బావతో చెప్పు: కాగితంలో ఉన్నట్టే చేయాలి. వంతెన దాటగానే ఎడమ పక్కకి. మరిచిపోతే జరిమానా.

కేకు జాగ్రత్త.

విల్పు


తోర్నియో, 14 సెప్టెంబరు 1967

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు కాగితాలు చించాను. ప్రెస్సులో కాగితం చవకే, మాటే దొరకలేదు.

బావ ఎలా ఉన్నాడు? లూలియో ఆసుపత్రికి రెండుసార్లు ఫోను చేశాను. "మీరెవరు?" అని అడిగారు. బంధువునన్నాను. ఏ బంధువంటే పెట్టేశాను. నాకు స్వీడిష్ సరిగా రాదు, నీకు తెలుసుగా.

ఆ రోజు నేను తొమ్మిదిన్నరకే వంతెన చివర నిలబడాలనుకున్నాను. పక్కింటి వాడి బాకా కూడా అడిగి తెచ్చుకున్నాను. బావ రాగానే బాకా ఊది స్వాగతం చెబుదామని. పుట్టినరోజు కదా. ఆయన ఎనిమిదిన్నరకే వచ్చేశాడు. అందరికంటే ముందు కేకు పెట్టి వెళ్దామనుకున్నాడేమో. నేను గడ్డం గీసుకుంటున్నాను. సగం నురగ మొహంతో పరిగెత్తాను. పాల లారీ నడిపే పెత్తెరి రోడ్డు మీద కూలబడి "నా పక్కకొచ్చాడు, తిన్నగా నా పక్కకొచ్చాడు," అంటున్నాడు. కస్టమ్స్ వాడు బావకి చెయ్యి ఊపాడట కూడా. రోడ్డంతా పాలు.

జరిగిందేదో జరిగింది. పన్నెండేళ్ళు వంతెన దాటగానే పక్క మార్చిన చెయ్యి, పదమూడో ఏడు కూడా మార్చింది. అలవాటు అక్కా. గుర్రం కూడా అమ్మేసిన ఇంటికే పోతుంది. పేపర్లో చూశాను, ఆ ఆదివారం మీ దేశం మొత్తం మీద మామూలు రోజులకంటే ప్రమాదాలు తక్కువేనట. వింత కాదూ?

అన్నట్టు, ఒకటో తారీకున నీకో ఉత్తరం వేశాను. అందిందా? పెద్ద విశేషమేం లేదు అందులో. అందిందో లేదో ఒక ముక్క రాయి. పోస్టు వాళ్ళని అడగాలి.

నీ
విల్పు


లూలియో, 25 సెప్టెంబరు 1967

తమ్ముడూ,

ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. ఇది నీకు నేనే చెప్పాలనుకున్నాను.

ఆసుపత్రి పక్కన నర్సుల గదుల్లో ఒక మంచం ఇచ్చారు, అక్కడుంటున్నాను. నొప్పి గురించి అడిగితే అల్గొత్ "పర్లేదు" అంటాడు. పోలీసులు వచ్చి అడిగితే మాత్రం ఒకటే మాట: "నాకు కాగితం వచ్చింది." ఎక్కడ అంటే, చొక్కా జేబులో. ఆ చొక్కాని మీ ఊరి ఆసుపత్రిలో కత్తిరించి తీసేసి, నెత్తురైందని కాల్చేశారు. ఇక ఆ కాగితం ఉందన్నది ఈయన మాట, నా మాట మీద తప్ప ఎక్కడా లేదు. పెళ్ళాం సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

మొదట జాలిపడ్డవాళ్ళు ఇప్పుడు నవ్వుతున్నారు. దేశంలో తొంభయ్యేళ్ళ ముసలమ్మలు కూడా మారారు, నేర్పినవాడే మారలేకపోయాడట! కిరాణా కొట్లో నా వెనక ఒకావిడ, "రాత్రి పట్టించి ఉంటాడు, ఇప్పుడు కాగితం కథ చెబుతున్నాడు," అంది. అల్గొత్ క్రిస్మస్‌కి తప్ప చుక్క ముట్టడు. బస్సు కంపెనీ పెద్దాయన పళ్ళు పట్టుకుని వచ్చి, మంచం దగ్గర కూర్చుని నిజం చెప్పాడు: "కోర్టులో కాగితం సంగతి తేలితే కాలు లేకపోయినా నేర్పే పనిలో ఉంచుతాం అల్గొత్. నీ తప్పే అని తేలితే లైసెన్సు పోతుంది, మేమూ ఏం చేయలేం." నవంబరు పద్నాలుగున మీ ఊళ్ళోనే విచారణ.

ఆ కాగితం ఎక్కడి నుంచి వచ్చిందో నీకేమైనా తెలుసా? నువ్వు ప్రెస్సులో ఉంటావు, నలుగురూ వస్తారు. ఎవరైనా ఆకతాయి పని చేసుంటే పేరు చెప్పు. నేను కోపగించుకోను. కాలు తిరిగి రాదు. ఆయన పేరైనా తిరిగి వస్తుంది.

నువ్వడిగిన ఒకటో తారీకు ఉత్తరం నాకు రాలేదు. ఏం రాశావు అందులో?

సైమి


తోర్నియో, 2 అక్టోబరు 1967

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పనికి పోలేదు.

ఒకటో తారీకు ఉత్తరం రాలేదా! చూశావా ఈ పోస్టు వాళ్ళని! అందులో నేను స్పష్టంగా రాశాను: ఆ కాగితం అబద్ధం, నమ్మొద్దు, బావని ఎప్పటిలాగే కుడి పక్కనే రమ్మను అని. కింద రెండుసార్లు గీత కొట్టి మరీ రాశాను. ఆ ఉత్తరం ఒక్కరోజు ముందు చేరి ఉంటే! రెండు రాజ్యాల పోస్టు కలిసి ఒక కాలు తీసేశాయి. మీ రాజులు కాఫీని పదేపదే నిషేధించారట, నిషేధించాల్సింది ఈ పోస్టుని.

ఆకతాయి ఎవరో నాకెలా తెలుస్తుంది? ఊళ్ళో అచ్చు యంత్రాలు రెండున్నాయి. మా దాంట్లో చావు కార్డులు, డాన్సు ప్రకటనలు తప్ప ఏమీ వేయం. కుర్రవెధవలు ఎవరో చేసుంటారు. అయినా నిజం చెప్పు, కాగితం రాకపోయినా బావ చెయ్యి అలవాటుగా అటే తిరిగేది కదా? అలాంటప్పుడు కాగితం ఎవరు వేస్తే ఏం?

బావకి పొగాకు పంపిస్తున్నాను. నా పేరు చెప్పక్కర్లేదు.

విల్పు


హాపరాండా, 15 అక్టోబరు 1967

తమ్ముడూ,

ఇందులో ఇంకో కవరు ఉంది. అది తెరవక ముందు ఇది చదువు.

నీ ఒకటో తారీకు ఉత్తరం పోస్టు ముద్ర ప్రకారం సోమవారం, సెప్టెంబరు నాలుగున చేరింది. బట్టల కోసం తొమ్మిదిన ఇంటికొస్తే గుమ్మంలో పడి ఉంది. నిలబడే చదివాను. "నిజమే. ముమ్మాటికీ నిజం." తర్వాత వంటింట్లోకి వెళ్ళి అన్నం బల్ల మీదున్న అగ్గిపెట్టెలు ఒక్కొక్కటీ డబ్బాలో పెట్టాను.

నీకు రాలేదని అబద్ధం చెప్పాను. నలభై ఏళ్ళుగా నువ్వు మమ్మల్ని ఆడిస్తున్నావు, నేనాడిన ఆట ఇదొక్కటే. నువ్వు చెబుతావని ఆడాను. చిన్నప్పుడు నాన్న గడియారం విరగ్గొట్టినప్పుడు కూడా మూడో రోజుకి నువ్వే వచ్చి చెప్పావు, దెబ్బలు తిన్నావు. ఆ పిల్లాడు ఇంకా ఉన్నాడేమో అనుకున్నాను. గుమ్మడికాయ దొంగ అనక ముందే భుజాలు తడుముకున్నావు, అయినా ఓపిక పట్టాను. నువ్వు రాసిన జవాబు ఏమిటి? రెండుసార్లు గీత కొట్టి రాశావా? అల్గొత్ కాలు మీదా నువ్వు గీత కొట్టింది?

బాకా ఊదుదామనుకున్నావు, నాకు తెలుసు. చంపాలనుకోలేదు, అదీ తెలుసు. ఆయన వంతెన దిగగానే ఆపి, నలుగురి ముందూ నవ్వి, తర్వాత కౌగిలించుకుని కేకు తినిపించే వాడివి. నువ్వు ఆయన్ని ఆపాల్సిన వేళకి గడ్డం గీసుకుంటున్నావు, అంతే. దానికి నేను నిన్ను క్షమించగలను. రెండో తారీకు ఉత్తరానికి క్షమించలేను.

అల్గొత్‌కి అంతా చెప్పాను. "ఆ తప్పుల స్వీడిష్ చూసి నేనే పట్టుకోవాల్సింది," అన్నాడు.

ఆ రెండో కవరులో ఉన్నది నీ ఉత్తరమే. అసలుదే, నకలు ఉంచుకోలేదు. నేను కోర్టులో ఇవ్వను, మా అమ్మ కడుపున పుట్టినవాణ్ణి నా చేత్తో పట్టివ్వలేను. పద్నాలుగు, మంగళవారం, పదకొండింటికి. మీ పదకొండింటికి. తెచ్చి ఇస్తావో, పొయ్యిలో వేస్తావో.

సైమి


తోర్నియో, 17 నవంబరు 1967

అక్కా,

నువ్వు కోర్టుకి ఎందుకు రాలేదో నాకర్థమైంది. అక్కడ ఏం జరిగిందో బావ చెప్పి ఉండడు. అందుకని రాస్తున్నాను. ఈసారి ఉన్నది ఉన్నట్టే.

ఉత్తరం లోపలి జేబులో పెట్టుకుని వెళ్ళాను. ఇస్త్రీ చొక్కా, చర్చికి వేసుకునే కోటు. ఇవ్వాలనే వెళ్ళాను. బావ చంకకర్రల మీద వచ్చాడు. కుర్చీ ఇస్తామంటే నిలబడే చెబుతానన్నాడు. నా వైపు చూసి తల ఊపాడు, బస్సెక్కినవాడికి ఊపినట్టు.

పెత్తెరి చెప్పాడు, కస్టమ్స్ వాడు చెప్పాడు. తర్వాత జడ్జి అడిగాడు: "మీరన్న కాగితం ఎవరైనా చూశారా? ఈ గదిలో దాని గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

గదిలో పదిమంది ఉన్నారు. హెర్మన్ని ఉన్నాడు, మా ప్రెస్సు యజమాని ఉన్నాడు, సాల్మన్ తోక కథ చెప్పుకుని పడీపడీ నవ్విన వాళ్ళు ఉన్నారు. లేచాననే అనుకున్నాను అక్కా. నిజంగా లేచాననుకున్నాను. చూసుకుంటే కూర్చునే ఉన్నాను, నా బూట్లు కనిపిస్తున్నాయి. లేస్తే ప్రెస్సు పోతుంది, జైలు పడుతుందేమో, ఇక ఈ ఊళ్ళో ఎవడూ నా జోకుకి నవ్వడు. ఇవన్నీ ఆ ఒక్క నిమిషంలో లెక్కేశాను. నాలుగో తరగతి వాడు, లెక్కలు బాగానే వచ్చాయి.

అప్పుడు బావ అన్నాడు, "కాగితం లేదు. నేనే అలా అనుకున్నాను. అలవాటు." జడ్జి మళ్ళీ అడిగాడు. "లేదండి," అన్నాడు. పన్నెండేళ్ళలో బావ నోట నేను విన్న మొదటి అబద్ధం అది. స్వీడిష్‌లో చెప్పినా నాకర్థమైంది.

లైసెన్సు తీసేశారు. నీకు తెలిసిందే.

మర్నాడు ఉత్తరం పట్టుకుని హెర్మన్ని దగ్గరికి వెళ్ళాను. బల్ల మీద పెట్టి "ఆ కాగితం అచ్చేసింది నేనే," అన్నాను. చదివాడు, కంచె మీద పడ్డ సంగతి దగ్గర నవ్వాడు. "ఇది కూడా నీ ప్రెస్సు సరుకేనా?" అన్నాడు. ఒట్టేశాను. "ఒట్టు కూడా వేశావూ! రాత్రి రాసుంటావు బావ కోసం. మంచివాడివే," అన్నాడు. బల్ల గుద్దాను. అప్పుడు నవ్వాపి, తలుపేసి వచ్చి చెప్పాడు: "విను విల్పు. ఇది అబద్ధమైతే నీకు పనీపాటా లేదు. నిజమైతే మీ బావ జడ్జి ముందు నిలబడి అబద్ధమాడాడు. ఇది నేను తీసుకుంటే ముందు పిలవాల్సింది ఆయన్ని. చంకకర్రలతో మళ్ళీ. తీసుకోమంటావా?"

తీసుకోవద్దన్నాను.

ఆ ఉత్తరం ఇప్పుడు నా దగ్గరే ఉంది. ఏం చేయాలో చెప్పు. పంపమంటే పంపుతాను, కాల్చమంటే కాలుస్తాను, మళ్ళీ వెళ్ళమంటే వెళ్తాను. వచ్చి బావ కాళ్ళ మీద పడమంటే

చూడు, ఇది కూడా సరిగా రాయలేకపోతున్నాను.

విల్పు


హాపరాండా, 3 డిసెంబరు 1967

విల్పు,

గురువారం స్మోలాండు వెళ్ళిపోతున్నాం. అల్గొత్ అన్నగారికి అక్కడ సైకిళ్ళ కొట్టు ఉంది. కూర్చుని చేసే పని ఇస్తానన్నాడు. బస్సు కంపెనీ వాళ్ళు వీడ్కోలుకి కాఫీ పెడతామన్నారు, అల్గొత్ వద్దన్నాడు. స్టేషనుకి రాకు.

ఉత్తరాన్ని ఏం చేయాలని నన్ను అడగకు. నీ పనులకి నా చేత ముద్ర వేయించుకోవాలని చూడకు. దాచుకుంటావో కాలుస్తావో నీ పొయ్యి, నీ జేబు.

కోర్టులో అలా ఎందుకన్నావని ఆయన్ని రోజూ అడిగాను. నిన్న చెప్పాడు. "విల్పు నేల చూస్తున్నాడు సైమి. బస్సులో అలా నేల చూసేవాళ్ళు నాకు తెలుసు. టిక్కెట్టు లేనివాళ్ళు. మంచు కాలంలో నేనెప్పుడూ ఒక్కణ్ణి కూడా దింపలేదు," అన్నాడు.

ఆయన దింపడు. ఇకమీదట బస్సే లేదు ఆయనకి.

నేను దింపుతున్నాను. ఇక్కడే.

సైమి